చల్లగా చెప్పే కబుర్లు

మనం బళ్లో నేర్చుకున్న ఇంగ్లిష్‌లో అన్నీ పొడుగు మాటలే. పోస్ట్‌పోన్, టెర్మినేట్, టాలరేట్. అమెరికా ఆఫీసులో రోజంతా చెవినపడేవి మాత్రం గెట్, పుట్, లెట్, టర్న్. వాటికి ఆఫ్, అప్, డౌన్ అని తోక తగిలించారంటే అర్థం ఎటు పోతుందో చెప్పలేం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. పుట్ డౌన్ అంటే చిన్నబుచ్చడం. అదే మాట పశువుల డాక్టరు అన్నాడంటే ముసలి కుక్కకు ఆఖరి ఇంజెక్షన్ అని. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే, పరాయి దేశస్థులను ఎక్కువగా తిప్పలు పెట్టేవి ఇవేనని రాశాడు. కాబట్టి ఈ అవస్థ మనతో మొదలైంది కాదు.

నాకు వింతగా తోచేది వాటి మెత్తదనం. చావు కబురు చల్లగా చెప్పడానికి ఇంతకన్నా అనువైన మాటలు లేవు. ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు మేనేజరు ఫైర్ అనే మాట ఎత్తడు. ‘వియ్ హావ్ టు లెట్ యూ గో’ అంటాడు. మనమేదో సెలవడిగితే ఆయన పెద్దమనసుతో సరేనన్నట్టు! ‘లెట్స్ సర్కిల్ బ్యాక్’ కూడా ఆ కోవలోదే. మళ్లీ మాట్లాడుకుందామని పైకి అర్థం. చాలాసార్లు అది మన ‘చూద్దాం లెండి’.

డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనే ఇంట్లో పెరిగినవాణ్ణి, మెత్తగా చెప్పడాన్ని తప్పుపట్టను. కానీ హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి లెట్ గో అంటే గడువు మొదలైనట్టే. 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక మహా అయితే 60 రోజులు ఉండొచ్చు. దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 అంతకుముందే ముగిస్తే, అప్పటిదాకానే. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలి, రెండూ కాకపోతే పెట్టె సర్దాలి. అందుకే మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు ఈ సున్నితాలేవీ ఉండవు. ‘జాబ్ పోయింది, నీ కంపెనీలో ఏమన్నా ఉన్నాయా?’ అంతే.

మేనేజరుతో మీటింగులో లెట్ గో అని వినపడ్డాక ఎందుకని నిలదీసి లాభం లేదు. జీతం ఏ తేదీ దాకా లెక్కకడుతున్నారో అడిగి, ఈమెయిల్లో రాసివ్వమనాలి. 60 రోజులూ మామూలుగా ఆ మర్నాటి నుంచే లెక్క.