తోరణగల్లులో గరిక

గుంతకల్లు నుంచి హుబ్లీ వెళ్ళే రైలు బళ్ళారి దాటాక తోరణగల్లు వస్తుంది. పేరు వినగానే మనవాళ్ళు నవ్వుతారు గానీ, కన్నడంలో 'కల్లు' అంటే రాయి, తాగేది కాదు! 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. గీత మారినా మాట మారలేదు. ఈ వైపు తెలుగు బాగానే వినిపిస్తుంది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం 1990లలో జిందాల్ వారి చేతిమీదుగా లేచాక, మనవాళ్ళు ఇంకా ఎక్కువయ్యారు.

మా మేనల్లుడు అక్కడే ఉద్యోగం. జులైలో వెళ్ళేసరికి వాడి ఇంటి ముందు లాన్ బొచ్చె ఊడిన కుక్కపిల్లలా ఉంది. నలభై డిగ్రీల ఎండ మరి! "మొత్తం పీకించి, బెంగుళూరు నుంచి చాపలా చుట్టిన గడ్డి తెప్పిస్తాను మామయ్యా" అన్నాడు. ఖరీదు సరే, వేసవిలో దాని దాహం తీర్చేదెవరు? మా అక్క బాధ వేరు: "ఉన్న గరిక పీకేస్తే చవితికి పత్రి ఎక్కడ కోసుకోనురా?"

తోటమాలి అక్క పక్షమే. కన్నడంలోనూ అది 'గరికె'నే. అసలు అడగాల్సింది గడ్డి ఎందుకు పోయిందని. నడకదారిలో నేల గట్టిపడి పోయింది. వేపచెట్టు కింద నీడకు పోయింది. గరికకు నిండు ఎండ కావాలి.

అదనూ ముఖ్యమే. ఇక్కడ పెద్ద వానలు సెప్టెంబరువి. అప్పుడు చల్లితే విత్తనం కొట్టుకుపోతుంది. జులై జల్లుల్లో చల్లితే ఆ లోపల వేరు పట్టుకుంటుంది. బోడి జాగాల్లో నాలుగంగుళాల లోతు గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు కలిపి చదును చేశాడు. గరిక విత్తనం నూకకన్నా సన్నం, అందుకని ఇసుకలో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాడు. పైన పల్చగా మట్టి, అరచేత్తో అదుము, అంతే. లోతుగా పూడిస్తే మొలవదు. మొలిచేదాకా పైపొర ఆరకుండా పొద్దునా సాయంత్రమూ సన్నజల్లుగా నీళ్ళు. ఒకటి నుంచి మూడు వారాల్లో మొలక వస్తుంది. గడ్డి బాగున్న చోటు నుంచి రెండు మూడు కణుపులున్న తీగముక్కలు తెచ్చి బెత్తెడు దూరంలో గుచ్చినా అల్లుకుంటుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి బ్యాంకువాడిగా నా ఓటు దీనికే!

చికాగో, న్యూజెర్సీల్లో ఉన్నవారికి ఈ లెక్క పనికిరాదు. అక్కడివి చలిగడ్డి రకాలు, ఆగస్టు చివరా సెప్టెంబరూ వాటికి అదను. టెక్సాస్ వారి బెర్ముడా మాత్రం మన గరికే. వసంతం చివర, నేల వేడెక్కాక చల్లుకోవాలి.

వేపచెట్టు కింద మళ్ళీ చల్లనివ్వలేదు మాలి. అక్కడ రెండు కుర్చీలు వేయించాము.