హార్బరు చందువ... పెనం మీద పది నిమిషాలు!

విశాఖ ఫిషింగ్‌ హార్బరుకు తెల్లవారకముందే వెళ్లాలి. బోట్లు దించిన సరుకుకు అక్కడే వేలంపాట. ఆ గోలలో మన కళ్లు వెతకాల్సింది చందువను. తెల్లటి కండ, చిన్నముళ్ల బెడద తక్కువ. మొప్పలు ఎర్రగా ఉండి, నొక్కితే గుంట పడకపోతేనే బేరమాడండి. అక్కడే శుభ్రం చేయించి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక పులుసు పెట్టే ఓపిక ఎవరికుంటుంది? చేపను పొడిగుడ్డతో తుడిచి, గాట్లు పెట్టి ఉప్పు, కారం, పసుపు రాయండి. తడి ఉంటే పెనానికి అంటుకుపోతుంది. నూనె బాగా కాగాక వేసి, అడుగు ఎర్రబడేదాకా కదపొద్దు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు చాలు. నిమ్మరసం దించాకే!

ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం మరి! ఆ 61 రోజులూ తెప్పల మీద వచ్చే కొద్దిపాటి చేపకే గిరాకీ. మిగతాది చాలావరకు ఐసు సరుకే.