రెండవ స్థానం

మనిషికి పదవి మీద ఉన్నంత మక్కువ పని మీద ఉండడం అరుదు. ఈ మాట నేను ఇతరులను ఉద్దేశించి అనడం లేదు. ఒక కళాశాలలో పద్దెనిమిదేళ్ళు ఉపప్రధానాచార్యుడిగా ఉండి, ప్రధానాచార్యుడిని కాకుండానే పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ఆ కుర్చీ దక్కలేదన్న వెలితి నన్ను చాలాకాలం వెన్నాడింది. 2019 నవంబరులో, అమెరికాలో చదువుకుంటున్న మా అబ్బాయిని చూడడానికి వర్జీనియా రాష్ట్రంలోని బ్లాక్స్‌బర్గ్‌కు వెళ్ళినప్పుడు కూడా అది నా వెంటే వచ్చింది.

బ్లాక్స్‌బర్గ్ కొండల నడుమ ఒదిగిన చిన్న పట్టణం. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమే దానికి ప్రాణం. నవంబరు 23, శనివారం నాడు మా అబ్బాయి నన్ను అక్కడి లేన్ స్టేడియానికి తీసుకువెళ్ళాడు. అరవై వేలకు పైగా ప్రేక్షకులు పట్టే ఆ ప్రాంగణంలో ఆనాడు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో ఫుట్‌బాల్ పోటీ.

అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టుకొని పరుగెత్తుతారు. దూరాన ఉన్న సహచరునికి విసురుతారు. ఒక్కొక్క పక్షాన 11 మంది. బంతి దక్కిన పక్షం నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. ఒకే జట్టులో దాడి చేసేవారు వేరు, అడ్డుకునేవారు వేరు. వారికి శిక్షకులు కూడా వేరే. అందరికీ పైన ప్రధాన శిక్షకుడు ఉంటాడు.

“ఈ రోజు జనం ఆటను చూడడానికే రాలేదు నాన్నా! బడ్ ఫోస్టర్ గారికి ఈ మైదానంలో ఇదే చివరి పోటీ” అన్నాడు మా అబ్బాయి.

“ఆయన ప్రధాన శిక్షకుడా?”

“కాదు. రక్షణ విభాగానికి శిక్షకుడు. ఎన్నడూ ప్రధాన శిక్షకుడు కాలేదు.”

ఆ మాట నాకు ములుకులా తగిలింది.

అక్కడి కళాశాల శిక్షకుల జీవితం నిచ్చెన వంటిది. ఆటగాడిగా చదువు ముగించినవాడు మొదట స్వల్ప వేతనంతో సహాయకుడిగా చేరతాడు. ఎదుటి జట్ల ఆటను తెరపై మళ్ళీమళ్ళీ చూసి, వారి ఎత్తుగడలను గుర్తించి వ్రాయడం అతని పని. తరువాత కొద్దిమంది ఆటగాళ్ళకు శిక్షకుడవుతాడు. ఆపైన దాడికో రక్షణకో బాధ్యుడవుతాడు. చివరి మెట్టు ప్రధాన శిక్షక పదవి. ఒక్కొక్క మెట్టు కోసం ఊరు మారవలసి రావడం పరిపాటి. జట్టు ఓటములపాలైతే ప్రధాన శిక్షకునితోపాటు కింది వారి కొలువులూ పోవచ్చు.

ఫోస్టర్ కెంటకీ రాష్ట్రంలోని మర్రే స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడి, అక్కడే మొదటి మెట్టు ఎక్కారు. అక్కడి ప్రధాన శిక్షకుడు ఫ్రాంక్ బీమర్ 1987లో వర్జీనియా టెక్‌కు మారినప్పుడు ఆయన వెంట వచ్చారు. 1992లో ఆ జట్టు ఆడిన 11 పోటీలలో గెలిచినవి రెండే. అయినా నిలదొక్కుకున్నారు. 1995లో ఫోస్టర్ మరొకరితో కలిసి రక్షణ విభాగపు బాధ్యతను చేపట్టారు. ఆ తరువాత ఒక్కరే మోశారు. 1999లో జట్టు వరుసగా 11 పోటీలు గెలిచి, జాతీయ విజేతను నిర్ణయించే పోటీ దాకా వెళ్ళి, అందులో ఓడింది. దేశంలోని ఉత్తమ సహాయ శిక్షకునికి ఇచ్చే బ్రాయిల్స్ పురస్కారం 2006లో ఆయనను వరించింది. 2015లో బీమర్ విరమించగా, ఆ స్థానంలోకి మరొకరు వచ్చారు. ఫోస్టర్ కొత్తవారి కింద అదే పనిలో కొనసాగారు. ఆ విశ్వవిద్యాలయంలో ఆయన మొత్తం 33 ఏళ్ళు పనిచేశారు.

ఆయన ఆటగాళ్ళకు ఒక ఆనవాలు ఉండేది. అది సొట్టలు పడిన భోజనపు డబ్బా. కార్మికుడు పనికి తీసుకువెళ్ళే డబ్బా వంటిదే. దానిని మోసే గౌరవం రక్షణ ఆటగాళ్ళలో ఒకరికి దక్కేది. ఆ సంగతి విన్నప్పుడు నాకు సింగరేణి గనికి మా నాన్నగారు తీసుకువెళ్ళిన టిఫిన్ క్యారియర్ కళ్ళముందు మెదిలింది. ఆయన ఏనాడూ తన హోదాను గురించి మాట్లాడగా నేను వినలేదు. చేతిలోని పనిని గురించే మాట్లాడేవారు.

ఆట సాగినకొద్దీ నాకొక విషయం బోధపడింది. దాడి చేసేవారి విజయం అంకెలలో పెరుగుతూ కనిపిస్తుంది. అడ్డుకునేవారి విజయం ఎదుటివారి గడిలో సున్నగా నిలిచిపోతుంది. ఏమీ జరగకపోవడమే వారి ఘనత! ఆనాడు వర్జీనియా టెక్ 28-0తో గెలిచింది. ఆ సున్నను చూపిస్తూ, “ఇదే నాన్నా, ఫోస్టర్ గారికి వీడ్కోలు కానుక” అన్నాడు మా అబ్బాయి.

చలిలో తిరిగి నడుస్తూ ఉండగా నా ఉద్యోగ జీవితం గుర్తుకు వచ్చింది. పరీక్షల వేళ ప్రశ్నపత్రాలు తారుమారు కాకుండా చూసిన రోజులు, రుసుము కట్టలేక చదువు మానబోయిన పిల్లలను ఇంటికి వెళ్ళి వెనక్కు పిలుచుకు వచ్చిన సాయంకాలాలు కళ్ళముందు కదలాడాయి. జరగకుండా ఆపిన వాటిని ఏ దస్త్రమూ లెక్కపెట్టదు. నేనూ లెక్కపెట్టుకోలేదు. దక్కని కుర్చీని మాత్రమే లెక్కించాను.

నా వెలితి ఆనాటితో పూర్తిగా తొలగిపోయిందని చెప్పను. కాని స్వదేశానికి వచ్చిన తరువాత, అటకమీద ఉన్న నాన్నగారి క్యారియర్‌ను దించి, తుడిచి, నా వ్రాతబల్లపై ఉంచుకున్నాను.