గోడ తీసేముందు గూడెం చూడాలి!

పట్టపగలు పన్నెండింటికి హాల్లో ట్యూబ్‌లైటు. కిటికీ తెరిస్తే సెగ, మూస్తే చీకటి. ఖమ్మంలో చాలా అపార్ట్‌మెంట్లలో వేసవంతా ఇదే తంతు. అలాంటి ఫ్లాటును మార్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఓసారి భద్రాచలం దారి పట్టాలి. కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి సుమారు 120 కిలోమీటర్లు. అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళితే అడవి అంచున కోయగూడేలు.

అసలు గది వాకిలే!

పాత తరహా కోయ ఇంటికి వెదురు తడికలే గోడలు. వాటిమీద మట్టి మెత్తుతారు. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది కాబట్టి నడిమధ్యాహ్నం ఎండ గోడను తాకదు. లోపల వెలుతురు తక్కువే. అయితేనేం, పగటిపూట పనీ, ముచ్చటా ఎక్కువగా వాకిట్లో నీడపట్టునే సాగుతాయి. ఫ్లాటులో ఆ వాకిలికి బదులున్నది బాల్కనీ. చాలామంది ముందు దాన్నే అద్దాలతో మూసి గది చేసేస్తారు. వెనకున్న హాలు చీకటిగా మారేది అప్పుడే.

పడమటి ఎండతోనే పేచీ

ఖమ్మం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది. మే రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అందుకే దక్షిణపు కిటికీకి చిన్న సన్‌షేడ్ చాలు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి, కాస్త ఎండ లోపలికొస్తుంది. అదీ మంచిదే. పడమటి కిటికీ అలా కాదు. సాయంత్రపు ఎండ సన్‌షేడ్ కిందనుంచి దూరుతుంది. దానికి బయటివైపు వెదురు తెర కట్టాలి. లోపల పరదా వేస్తే వెలుగు ఆగుతుంది కానీ, అద్దం దాటొచ్చిన వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది.

ఏ గోడ తీయొచ్చు?

కిటికీ పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి సుమారు రెట్టింపు దూరం వరకే వెలుగు బాగా అందుతుంది. ఏడడుగులైతే 14 అడుగులన్నమాట. ఆ దారిలో హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడ ఉంటే అవతల చీకటే. పిల్లర్లు, బీములతో కట్టిన భవనంలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సాధారణంగా బరువు మోయదు. గోడల మీదే నిలిచిన పాత కట్టడాల సంగతి వేరు. అక్కడ అదే గోడ పై అంతస్తును మోస్తూ ఉండొచ్చు. మేస్త్రీ మాట ఒక్కటే చాలదు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి, అపార్ట్‌మెంట్ సంఘానికి చెప్పాలి. పిల్లరునీ, బీమునీ పొరపాటున కూడా చెక్కకూడదు. పైన ఇంకో నాలుగు కుటుంబాలుంటాయి మరి!

గాలికి రెండు దారులు

గాలి వచ్చే కిటికీ ఒక్కటే ఉంటే సరిపోదు, పోయే దారీ ఉండాలి. ఎదురెదురు కిటికీల మధ్య ఎత్తయిన బీరువా అడ్డురాకూడదు. తలుపు పైన వెంటిలేటర్ ఉంటే పడగ్గది మూసుకున్నా గాలి ఆడుతుంది. వడగాడ్పుల రోజుల్లో పగలు కిటికీలు మూసి, బయట చల్లబడ్డాక తెరవాలి.

బీరువా జరపడానికీ, వెదురు తెర కట్టడానికీ గోడ పగలగొట్టక్కర్లేదు. ముందు అవి చేసి ఓ వేసవి చూడొచ్చు. అప్పటికీ చీకటి పోకపోతే, గోడ సంగతి ఆలోచించొచ్చు.