రంగు చూసి కాదు, డబ్బా మీద రాత చూసి పోయండి



ఈసారి పంట ముచ్చట కాదు, బండి ముచ్చట. జర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండి.

మన ఊర్లల్ల ఇప్పుడు చానమంది ఇండ్లల్ల ట్రాక్టరో, పాత కారో ఉన్నది. డీజిల్ పోస్తం, ఆయిల్ మారుస్తం, టైర్ల గాలి చూస్తం. కానీ బానెట్ కింద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటది, దాంట్ల ఎర్రగనో పచ్చగనో నీళ్లు ఉంటయి. దాన్ని పట్టించుకునేటోళ్లు తక్కువ. నేనూ పట్టించుకోలే. నా తప్పుకు దెబ్బ నా మేనల్లునికి తగిలింది. అందుకే రాస్తున్న.

పోయిన మే నెల. సిరిసిల్లల ఉండే మా అక్క మనుమరాలికి వేములవాడ రాజన్న దగ్గర పుట్టెంట్రుకలు. పిల్ల తండ్రి, అంటే నా మేనల్లుడు, మమ్మల్ని తీసుకపోదామని ఒకరోజు ముందే కోరుట్ల దగ్గర మా ఊరికి వచ్చిండు. సిరిసిల్లల సాంచెలు నడుపుతడు. సాంచె ఆడితేనే కూలి, లేకుంటే లేదు. చాన్నాళ్లు పని లేక తిప్పలపడి, అప్పుడప్పుడే ఆర్డర్ వచ్చి చేతి నిండ పని దొరికిన టైం.

పొద్దున బయల్దేరాల్సింది, మక్కల బస్తాలు కాంట అయ్యేసరికి పదకొండు దాటింది. నాది పాత డీజిల్ కారు, సెకండ్ హ్యాండ్‌ల కొన్న. ఐదుగురం, ఏసీ ఫుల్లు, బయట నిప్పులు కురుస్తున్నయి. కథలాపూర్ దాటినం, రుద్రంగి దాటినం. టెంపరేచర్ ముల్లు మెల్లగ మీదికి ఎక్కుతున్నది. నేను చూసిన. చూసి కూడా, ఇంకెంత దూరం, వేములవాడల చూసుకుందాం అనుకున్న. చందుర్తి రాకముందే బానెట్ సందుల నుంచి పొగలెక్క ఆవిరి.

బండి పక్కకు ఆపిన. ఐదు నిమిషాలు కూడా ఆగలే. డిక్కీల బోరు నీళ్ల క్యాను ఉన్నది. "మూత తియ్యిరా, నీళ్లు పోద్దాం" అన్న. ఆ మాట నాదే. పిల్లగాడు భుజం మీది తువ్వాల మూత మీద వేసి తిప్పిండు. మూత ఎగిరింది. మరిగే నీళ్లు మోచేయి నుంచి మణికట్టు దాకా కొట్టినయి.

ఆ కేక ఇంకా నా చెవుల ఉన్నది.

ఎవరో పరుగెత్తుకొచ్చి టూత్‌పేస్ట్ రాసిండ్రు. నేను వద్దనలే, నాకూ తెల్వదు. దారిన పోయే ఆటోల దవాఖానకు తీసుకపోతే డాక్టరమ్మ ముందు ఆ పేస్ట్ కడగనీకే అరగంట కష్టపడ్డది. ఆమె చెప్పింది అందరు యాది పెట్టుకోండి: కాలితే పేస్ట్ వద్దు, ఇంకు వద్దు, పసుపు వద్దు. మామూలు చల్ల నీళ్లు ఇరవై నిమిషాలు ధారగ పోయాలె. ఐసు పెట్టొద్దు. శుభ్రమైన బట్ట వదులుగ కప్పి దవాఖానకు పోవాలె. పసుపు పండించేటోన్ని, ఆ మాట వింటుంటే నాకే సిగ్గయింది. మన ఇండ్లల్ల ముందు చెయ్యి పోయేది పసుపు డబ్బా మీదికే కదా.

నలబై రోజులు పిల్లగాడు సాంచె ముట్టలే. ఆ పని వేరేవాళ్లకు పోయింది. నేను కొన్ని పైసలు తీసుకపోతే అక్క తీసుకోలే. "తమ్మీ, కావాలని చేసినవా ఏంది" అన్నది. పిల్లగాడైతే "మామా, నువ్వే తియ్యుమన్నవు" అని ఒక్కసారి కూడా అనలే. అంటే బాగుండు. అనకపోయేసరికి నాకు నిద్ర పట్టలే.

కారును కోరుట్లకు లాక్కొచ్చినం. మిస్త్రి రేడియేటర్ ఇప్పి గొట్టాల లోపల చూపించిండు. గోడకు సున్నం పట్టినట్టు తెల్లగ పొరలు. వాటి నడుమ గోధుమ రంగు బురద, జిగురు లెక్క. సగం గొట్టాలు మూసుకపోయినయి. హెడ్ గ్యాస్కెట్ కాలింది, హెడ్ వంగితే లేత్ దగ్గర ఫేసింగ్ చేయించిండు. అన్నీ కలిపి 31 వేలు. "ఏం పోసినవు పటేలా ఇండ్ల?" అని అడిగిండు.

ఏం పోసిన? కొన్నప్పుడు దాంట్ల ఎర్ర కూలెంట్ ఉండె. ఒక రబ్బరు పైపు కాడ సన్నగ కారుతుండె. బాగు చేయించకుండ, తక్కువైనప్పుడల్లా బోరు నీళ్లు పోసిన, ఏడాది పొడుగు. నడుమ ఒకసారి దుకాణంల కూలెంట్ అడిగితే పచ్చది ఇచ్చిండు. "గిది ఎర్రది కదా" అంటే "ఏదైనా ఒకటే" అన్నడు. పోసిన.

ఇప్పుడు అసలు ముచ్చట. మిస్త్రి చెప్పింది, బిడ్డ కారు పుస్తకం చదివి వినిపించింది, ఇంటర్ల ఎంపీసీ చదివినప్పటి కెమిస్ట్రీ యాదికొచ్చింది, అన్నీ కలిపి రాస్తున్న.

కూలెంట్ అంటే రంగు నీళ్లు కాదు. ఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం, నీళ్లు, తుప్పు పట్టకుండ చేసే మందులు, ఈ మూడు కలిస్తే కూలెంట్. గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టది. అది లడఖ్‌ల పనికొస్తది, జగిత్యాలల ఆ ముచ్చట లేదు. మనకు పనికొచ్చేది రెండోది. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతయి, ఆ మిశ్రమం 107 దగ్గర మరుగుతది. పైన మూత గట్టిగ బిగించి ఉంటది కాబట్టి లోపల ఒత్తిడికి ఇంకా పైకి, దాదాపు 129 దాకా మరగకుండ ఆగుతది. మన ఇంట్ల కుక్కర్ ఎట్లనో గట్లనే. విజిల్ పోకముందే కుక్కర్ మూత తీస్తమా? వేడి బండి మూత తీసుడు కూడా అంతే. మూత తీయంగనే ఒత్తిడి పోయి, లోపలున్నదంతా ఒక్కసారి ఆవిరై మీదికి లేస్తది. తువ్వాల దాన్ని ఆపది.

బోరు నీళ్లు ఎందుకు వద్దు? డ్రిప్ పెట్టినోళ్లకు చెప్పనవసరం లేదు. లేటరల్ పైపుల్ల ఉప్పు పట్టి చుక్క రాకపోతే యాసిడ్ ఎక్కిస్తం కదా. అదే ఉప్పు. మన భూమిల నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కాగితే అది తెల్లగ అడుగు పడ్తది. నీళ్లు కాగపెట్టే గిన్నె అడుగు చూడండి, హీటర్ రాడ్ చూడండి. ఇంజన్ల రోజూ అదే జరుగుతది. గోరంత పొర పట్టినా వేడి బయటకు పోదు. డ్రిప్ పైపు మార్చుకుంటే వేలతోని పోతది, ఇంజన్ అట్ల కాదు.

మరి ఎర్రది, పచ్చది, నీలం? ఇక్కడే చానమంది మోసపోయేది. రంగుకు ఒక రూల్ లేదు. కంపెనీ ఇష్టమున్న రంగు వేసుకుంటది. మనం ఎరువు బస్తా రంగు చూసి కొంటమా? 20-20-0-13 నా, 28-28-0 నా అని చదివి కొంటం. ఇదీ గట్లనే. లోపలి మందును బట్టి మోటుగ మూడు రకాలు:

ఒకటి, పాత రకం. ఉప్పుల మందు ఉంటది, ఎక్కువ పచ్చరంగుల వస్తది. తొందరగ కాపాడుతది కానీ తొందరగనే అరుగుతది. రెండేండ్లకు మార్చాలె.

రెండు, ఆర్గానిక్ యాసిడ్ రకం. దీన్ని ఓఏటీ అంటరు. ఎక్కువగ ఎరుపు, నారింజ రంగుల్ల ఉంటది. మెల్లగ పని చేస్తది కానీ ఐదేండ్ల దాకా వస్తది.

మూడు, రెండిటినీ కలిపిన రకం. యూరప్ కంపెనీలు దీంట్ల సిలికేట్ వేస్తయి, జపాన్, కొరియా కంపెనీలు ఫాస్ఫేట్ వేస్తయి. యూరప్‌ల నీళ్లు గట్టివి, ఫాస్ఫేట్ వేస్తే గట్టి నీళ్లతోని కలిసి గడ్డలు కడ్తది కాబట్టి వాళ్లు వద్దనుకున్నరు. మన నీళ్లూ గట్టివే. ఫాస్ఫేట్ కూలెంట్‌ల బోరు నీళ్లు కలిపితే ఏమైతదో మీరే ఆలోచించండి.

ఒక రకం మీద ఇంకో రకం పోస్తే మందులు ఒకదానికొకటి పడవు. రెండు పురుగుమందులు ఒకే ట్యాంకుల కలిపితే ఒక్కోసారి పాలు విరిగినట్టు విరుగుతది, నాజిల్ మూసుకపోతది. చూసిండ్రు కదా. నా రేడియేటర్ల జిగురు అదే.

కొనేటప్పుడు ఏం చూడాలె?

ముందు బండి పుస్తకం. సీటు ముందటి అరల ఏండ్లకేండ్లు పడి ఉంటది. దాంట్ల ఏ రకం పోయాలె, ఎన్ని లీటర్లు, ఎన్నేండ్లకు మార్చాలె అన్నీ రాసి ఉంటది. నాది నేను మొదటిసారి తెరిచింది బండి కాలినంక. ఇంగ్లీషుల ఉంటే పిల్లలతోని చదివించుకోండి, సిగ్గేమున్నది.

తర్వాత డబ్బా మీద రాత. ఐఎస్ 5759 అనో, జేఐఎస్ కె 2234 అనో, ఏఎస్టీఎం డి 3306 అనో ప్రమాణం రాసి ఉండాలె. మొదటిది మన దేశానిది, రెండోది జపాన్‌ది, మూడోది అమెరికాది. ఏదీ లేకుండ ఉత్త "కూలెంట్" అని ఉంటే అది రంగు నీళ్లేమో అని అనుమానపడండి.

మూడోది, "రెడీ టు యూజ్" నా, "కాన్సంట్రేట్" నా చూడండి. రెడీ టు యూజ్ అంటే నీళ్లు కలిపే ఉంటది, అట్లనే పోయాలె. కాన్సంట్రేట్ అయితే డబ్బా మీద రాసినంత నీళ్లు కలపాలె. ఆ నీళ్లు డిస్టిల్డ్ లేకపోతే డీమినరలైజ్డ్, అంటే మనం బ్యాటరీల పోసేటివి. చిక్కగ ఉంటే మంచిదని ఉత్త కాన్సంట్రేట్ పోయొద్దు. వేడిని మోసే శక్తి గ్లైకాల్‌కు నీళ్లల్ల సగం కంటే కొంచమే ఎక్కువ. మందు డోసు పెంచితే పంట కాలినట్టు, ఇదీ ఎక్కువైతే నష్టమే.

లోపల ఏమున్నదో తెల్వదనుకోండి, సెకండ్ హ్యాండ్ బండి అనుకోండి, మీద మీద పోయొద్దు. పాతదంతా తీసి, మంచి నీళ్లతోని రెండు మూడుసార్లు కడిగించి, కొత్తది నింపించండి. లీటరు నాకు మూడు నాలుగు వందల నడుమ పడ్డది. 31 వేల ముందు అదెంత?

ట్రాక్టరున్నోళ్లకు ఇంకో మాట. చాన డీజిల్ ఇంజన్లల్ల లైనర్ చుట్టూ నేరుగ నీళ్లే తిరుగుతయి. ఇంజన్ అదురుకు లైనర్ బయట సన్న సన్న బుడగలు పుట్టి పగులుతుంటే ఇనుము మీద సూది పొడిచినట్టు గుంటలు పడ్తయి, చివరికి బొక్క పడి నీళ్లు ఆయిల్‌ల కలుస్తయి. దాన్ని ఆపే మందు డీజిల్ ఇంజన్ల కూలెంట్‌ల ఉంటది. కారు కూలెంట్ మిగిలింది కదా అని ట్రాక్టర్ల పోయకండి, దాని పుస్తకం చూడండి. వరి కోతలప్పుడు, మక్క పట్టేటప్పుడు పొట్టు, దుమ్ము రేడియేటర్ ముందర జాలి లెక్క పట్టుకుంటది. అది ఉంటే ఏ కూలెంట్ పోసినా వేస్ట్. ఇంజన్ చల్లారినంక లోపలి దిక్కు నుంచి బయటికి మెల్లగ నీళ్లు కొట్టి కడగండి. జోరుగ కొడితే రేకులు వంగుతయి.

ఇంకో అలవాటు. బండి వేడైతున్నదంటే కొందరు మిస్త్రిలు థర్మోస్టాట్ పీకేస్తరు. అది నీళ్లను ఆపి ఇంజన్‌ను సరైన వేడికి తెచ్చే తలుపు లాంటిది. పీకేస్తే ఇంజన్ ఎప్పుడూ సగం వేడి మీదనే నడుస్తది, డీజిల్ ఎక్కువ తాగుతది, అరుగుతది. చెడిపోతే కొత్తది వేయించండి.

దారిల ముల్లు ఎక్కితే నా లెక్క చేయకండి. ఏసీ బంద్ చేయండి, హీటర్ ఫుల్లు పెట్టండి. ఉక్కపోస్తది కానీ ఇంజన్ వేడి కొంత గుంజుతది. పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేసి గంట ఆగండి. మూత ముట్టొద్దు. ఎర్రగ కాలిన ఇంజన్ల చల్లనీళ్లు పోయొద్దు, హెడ్ పగులుతది. కూలెంట్ ఊకె తగ్గుతున్నదంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆయిల్ గేజ్ తీసి చూస్తే పాల చాయ లెక్క కనపడితే బండి స్టార్ట్ కూడా చేయకండి, మిస్త్రిని పిలవండి.

అన్నిటికంటే ముఖ్యం, గ్లైకాల్ విషం. తియ్యగ ఉంటది కాబట్టి కుక్కలు, దూడలు నాకుతయి. కొంచెం తాగినా కిడ్నీలు పోతయి. తీసిన పాత కూలెంట్ కొట్టంల, ఒడ్డు మీద, బావి దగ్గర పారబోయకండి. మిగిలింది కూల్ డ్రింక్ సీసాల పోసి పెట్టకండి, ఇంట్ల పిల్లలుంటరు.

మిస్త్రి బండి తయారు చేసినంక మా బిడ్డ ఒక కాగితం మీద కూలెంట్ రకం, పోసిన తారీకు, మళ్ల మార్చే ఏడాది రాసి బానెట్ లోపల అంటించింది. అదే రకం లీటరు డబ్బా డిక్కీల పెట్టుకున్న. బోరు నీళ్ల క్యాను తీసేసిన.

పుట్టెంట్రుకలు రెండు నెలలు వాయిదా పడి, చివరికి శ్రావణంల తీయించినం. దసరాకు పిల్లగాడు మా ఊరికి వచ్చిండు. చెయ్యి మానింది కానీ తోలు రెండు రంగులైంది. తిరిగి సాంచెల మీద పడ్డడు. పొద్దున నేను పొలం కాడికి పోయి వచ్చేసరికి బానెట్ లేపి డబ్బాల నీళ్లు మిన్, మాక్స్ గీతల నడుమ ఉన్నయా అని వంగి చూస్తుండు. ఇంజన్ చల్లగున్నదా అని ముందు అరచేయి పెట్టి చూసిండు. నన్ను చూసి "సరిపోయింది మామా" అన్నడు. నేనేం మాట్లాడలే.

రేపు పొద్దున బండి స్టార్ట్ చేయకముందే ఒక్కసారి మీరూ బానెట్ లేపి చూడండి. రెండు నిమిషాల పని.