బాస్టన్ ట్యాంకు చెప్పిన పాఠం

మన బడిలో పెద్ద తరగతి పిల్లలకు ఇంజనీరు పని ఏమిటో తెలుగులో చెబుదామనుకున్నాం. కాలేజీ వదిలి ఇరవై ఏళ్లు దాటిన మేము, మరచిపోయిన పాఠాల దుమ్ము దులిపి, 1919 జనవరి 15న బాస్టన్‌లో పగిలిన మొలాసిస్ ట్యాంకును కంప్యూటర్లో కట్టాం. ఎత్తు 50 అడుగులు, వ్యాసం 90 అడుగులు. అందులోంచి దాదాపు 23 లక్షల గ్యాలన్ల చెరకు మడ్డి వీధుల్లోకి ఉప్పెనలా వచ్చి 21 మందిని పొట్టన పెట్టుకుంది.

హద్దు దాటిన చోట ఎర్రగా కనబడేలా రంగులు పెట్టాం. మొదటిసారి ఎక్కడా ఎరుపు లేదు. సంబరపడ్డాం. కానీ కాగితం మీద చేత్తో వేసిన లెక్కతో అది పొసగలేదు. ఆ లెక్క చిన్నదే: అడుగున ద్రవం ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించి, రేకు మందంతో భాగిస్తే, గోడను చుట్టూ లాగే స్ట్రెస్ వస్తుంది. వెతికితే, సాంద్రత దగ్గర నీటిది వేశాం! మడ్డి నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. సరిచేయగానే అడుగు వరసలు ఎర్రబడ్డాయి. రివెట్ల కంతల దగ్గర స్ట్రెస్ ఇంకా ఎక్కువ.

ఆనాడు కట్టించినవారు ట్యాంకులో ఆరంగుళాల నీళ్లు పోసి పరీక్ష అయిందనుకున్నారు. కారుతుంటే, కనబడకుండా గోధుమరంగు పూశారు.

"తప్పు వేశారని కంప్యూటర్ చెప్పలేదా మాస్టారూ?" అని ఒక పాప అడిగింది.

చెప్పదమ్మా. మనం ఇచ్చినదానికే జవాబిస్తుంది. అది సరైనదో కాదో చూసుకోవలసింది మనమే. ఆ అడుగున ఉండేది మనుషులు కదా!