బొటనవేలంత దీపం

ఉదయం తొమ్మిదిన్నర. కళ్యాణదుర్గంలో ఓ కేబుల్ ఆపరేటర్ ఫోను ఆగకుండా మోగుతోంది. ఊళ్లో నెట్ బాగానే ఉంది. ఏడు కిలోమీటర్ల అవతలి పల్లెకే పోయింది. ఆఖరి ఫోను ఓ అమ్మాయిది. ‘పదకొండుకు ఇంటర్వ్యూ ఉండాది అన్నా... బెంగళూరు కంపెనీది’. ఆ పల్లెలో మేడెక్కినా సెల్ సిగ్నల్ ఒక్క గీతే.

‘తీగ తెగినట్టుంది’ అంటూ కుర్రాడు బైకు తాళాలు తీశాడు. ఆయన ఆగమన్నాడు. తీగ తెగితే అటునుంచి వచ్చే వెలుగు మాత్రమే ఆగుతుంది. ఇక్కడ స్విచ్‌లో ఉన్న మాడ్యూలే పలకడం లేదు.

ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్. బొటనవేలంత రేకు పెట్టె. ఫైబర్‌లో నడిచేది వెలుగు. కంప్యూటర్లకు తెలిసింది కరెంటు. ఒకదాన్ని మరోదానిగా మార్చేది ఇదే. లోపల ఓ బుల్లి లేజర్, వచ్చిన వెలుగును పట్టే ఓ కన్ను. స్విచ్ ఆపకుండానే లాగేసి వేరేది దోపొచ్చు. 2000లో కొన్ని కంపెనీలు కలిసి దీనికి ఒకే కొలత పెట్టుకున్నాయి. అంతకుముందుది దీనికి రెట్టింపు ఉండేది. గదిలో పక్కపక్కనున్న మిషన్లకైతే రాగి తీగ రకం చాలు, కానీ అది వంద మీటర్లు దాటదు.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. రోడ్లు తవ్వే పని లేకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం అందరూ చూశారు. తీగ కొసల్లో ఉండే ఈ ముక్కను చూసినవాళ్లు తక్కువ. అది కనిపించేది పాడైనప్పుడే మరి!

ఎందుకు పాడైంది? మామూలు రకం 70 డిగ్రీల వేడి వరకే ఓర్చుకుంటుంది. బయట ఎండ 40 దాటింది, గదిలో ఏసీ లేదు, ఫ్యాను జాలీ నిండా ఎర్రటి దుమ్ము. తన ఒంటి వేడి ఎంతో మాడ్యూలే లెక్క చెబుతుంది. నాలుగు రోజులుగా 70 పైనే చూపిస్తున్నా ఆయన రేపు చూద్దామనుకున్నాడు. 85 వరకు తట్టుకునే రకం ఉంది. ధర ఎక్కువని కొనలేదు.

డ్రాయరులో ఒకటుంది. కానీ అది 80 కిలోమీటర్ల రకం. అరవై కిలోమీటర్ల దూరంలోని అనంతపురానికైతే సరిగ్గా సరిపోతుంది. ఏడు కిలోమీటర్లకు పెడితే వెలుగు ఎక్కువై అవతలి కన్ను పోవచ్చు. పైగా పల్లెకు వెళ్లేది ఒకే పోగు. ఒక కొస 1310 నానోమీటర్ల వెలుగు పంపితే రెండోది 1550 పంపాలి. కుడి ఎడమ చెప్పుల్లాగా జోడీ కుదరాలి. రెండు కొసల్లోనూ ఒకటే రకం పెట్టి, తెల్లవార్లూ తీగ వెంట తిరిగిన అనుభవం ఆయనకు ఒకసారి అయింది.

కొత్తది బెంగళూరు నుంచి బస్సు పార్సిల్లో రావాలంటే సాయంత్రమే. గడియారం పదింపావు చూపిస్తోంది. ఆయన స్విచ్ వంక కాసేపు చూశాడు. అచ్చం అలాంటి మాడ్యూలే పక్క పోర్టులో ఆకుపచ్చగా మిణుకుతోంది. అది ఆయన సొంత వీధికి వెళ్లే లైను. దాన్ని గొళ్లెం తీసి లాగాడు. కొస తుడిచాడు, ఇంత ధూళి కూర్చున్నా వెలుగు సగం పోవచ్చు. పల్లె పోర్టులో దోపాడు. టిక్కుమంది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఆకుపచ్చ.

పది నలభై. ‘వచ్చిందన్నా!’ అంది అమ్మాయి. పెట్టేసింది.

వెంటనే ఇంకో ఫోను. ఇంటి నుంచి.

‘మనింట్లో నెట్ పోయింది... మన వీధంతా లేదంట. ఏమైంది?’

‘తీగ తెగిందిలే. సాయంత్రానికి వస్తాది’ అన్నాడాయన, జాలీ ఊడదీస్తూ.